పాచికకు క్రమశిక్షణ

కరస్పాండెంట్ సూర్యచక్రం గారికి ఏ ఆలోచన వచ్చినా పెళ్ళి భోజనాల దగ్గరే వస్తుంది. తన ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ బ్రాంచి పెట్టింది ఒక పెళ్ళిలో పులిహోర తింటూ. దాన్ని ఎత్తేసింది ఇంకో పెళ్ళిలో పెరుగన్నం కలుపుతూ. ఈసారి భీమవరం పెళ్ళిలో పక్క విస్తరి పెద్దమనిషి తన తోడల్లుడి కొడుకు ‘క్వాంట్’ అయ్యాడని చెప్పాడు. జీతమెంత అని అడిగితే, “బయటికి చెప్పట్లేదండీ, దిష్టి తగులుద్దని” అన్నాడు. అదెంతో చెప్పేసి ఉంటే సూర్యచక్రం గారు చేయి కడుక్కుని ఇంటికెళ్ళి పడుకునేవారే. చెప్పకపోవడంతో కంటి మీద కునుకు లేదు.

తెల్లారేసరికి ఆయన కారు ప్రిన్సిపాల్ డాక్టర్ దక్షిణామూర్తి గారి వాకిట్లో ఆగింది.

“క్వాంట్ అంటే ఏంటండీ?”

దక్షిణామూర్తి గారు తెలియదు అనే మాట వాడి పాతికేళ్ళయింది. మంచినీళ్ళు తెస్తానని లోపలికెళ్ళి, ఫోన్లో చూసుకుని వచ్చారు. “షేర్ మార్కెట్లో ఏది పెరిగే అవకాశం ఎంత, పడే అవకాశం ఎంత అని లెక్కగట్టి వ్యాపారం చేసే ఉద్యోగం సార్. పెద్ద పెద్ద కంపెనీలు చదువు అవకుండానే పిల్లల్ని ఎగరేసుకుపోతున్నాయి. దానికి పాచిక వేస్తే ఏం పడుద్ది, పేక కలిపితే ఏ ముక్క వస్తుంది, అలాంటివన్నీ సాధన చేయించాలి.”

“అంటే జూదం.”

“జూదం కాదు సార్. జూదంలో ఉన్న గణితం.”

“సరే, పెట్టేద్దాం. కానీ మన దగ్గర ఏదీ గాలికి వదిలెయ్యకూడదండోయ్. తల్లిదండ్రులు మనల్ని నమ్మి ఫీజు కట్టారు. ఏం పడుద్దో తెలీదు, ఏ ముక్క వస్తుందో తెలీదు అంటే రేపు వాళ్ళకి ఏం సమాధానం చెప్తాం? అన్నీ కరెక్టుగా పడాలి.”

ప్రిన్సిపాల్ గారు తలూపారు. ఆ తర్వాత జరిగిందంతా ఈ ఒక్క మాటలోంచి పుట్టిందే కాబట్టి దీన్ని గుర్తుంచుకుంటే చాలు.

క్వాంట్ సెల్ పెడుతున్నారన్న కబురు విని ఆ కాలేజీలో నిజంగా గంతులేసిన మనిషి ఒక్కతే ఉంది. మూడో సంవత్సరం చదువుతున్న మట్టపర్తి సత్యవేణి. వాళ్ళ నాన్న బుల్లబ్బాయి కాలవ వంతెన పక్కన కొట్టు పెట్టుకుని కాలిపోయిన మోటార్లకి తీగ చుడతాడు. సత్యవేణికి మొదటి సంవత్సరం నుంచే అవకాశాల లెక్కలంటే పిచ్చి. రేపు ఏమవుతుందో ఎవరికీ తెలియదు, అయినా ఆ తెలియనితనాన్ని కొలవొచ్చు అన్న సంగతి ఆమెకి ఎంత ఆనందం ఇచ్చిందంటే, సినిమాకి పదమన్నా కదిలేది కాదు. ముంబైలో అలాంటి లెక్కలతోనే వ్యాపారం చేసే కంపెనీలున్నాయని తెలిశాక ఇక వేరే ఉద్యోగం మీద మనసు నిలవలేదు. ఆ కంపెనీల్లో ఒకటి వచ్చే ఏడాది తమ కాలేజీకే వస్తుందని ప్రకటించగానే నోటీసు బోర్డు ముందు నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ బోర్డు మీదే వారం తిరక్కుండా మొదటి సర్క్యులర్ పడింది.

“ఇందుమూలముగా యావన్మంది విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయునదేమనగా, క్వాంట్ సెల్ వారి ఆదేశానుసారము హాస్టలు నందు ప్రతి సాయంత్రము పేకాట తప్పనిసరి చేయబడినది. ఆడనివారిపై కఠిన చర్యలు గైకొనబడును.”

నిన్నటిదాకా పేక ముక్క కనబడితే గదికి తాళం వేసిన వార్డెన్, ఇవాళ టార్చిలైటు పట్టుకుని గదిగదికీ తిరిగి, దుప్పట్లో తలదూర్చి చదువుకుంటున్న వాళ్ళని బయటికి లాగడం మొదలుపెట్టాడు. “పుస్తకం ఎవడిదిరా? నిజం చెప్పు, ఇంకా ఎవరెవరు చదువుతున్నారు?” అని గద్దించేవాడు. పరుపు కింద థర్మోడైనమిక్స్ పుస్తకం దొరికిన పిల్లాడి ఇంటికి ఉత్తరం కూడా వెళ్ళింది.

కొన్నాళ్ళకి సూర్యచక్రం గారు తనిఖీకి వచ్చారు. పిల్లలు ముక్కల్ని గుండెకి అదుముకుని, ఒకళ్ళకొకళ్ళు కనబడకుండా ఆడుకోవడం చూసి ఆయన మొహం మాడిపోయింది. “ఏంటండీ ఈ దాపరికం? ఒకే హాస్టల్లో తిని, ఒకే చోట పడుకునే పిల్లలు, ఒకళ్ళ దగ్గరొకళ్ళు దాచుకోవడమా? ఇదా మన సంస్కారం?” అన్నారు. మర్నాడు రెండో సర్క్యులర్ వచ్చింది. అందరూ ముక్కలు వెల్లకిలా పరిచి, అందరికీ కనిపించేలాగానే ఆడవలెను. ఇక ముక్కలు పంచగానే ఎవరు గెలిచారో తెలిసిపోయేది. మిగతా గంటా పిల్లలు చేతులు కట్టుకుని, తెలిసిపోయిన ఆటని మర్యాదగా చివరిదాకా ఆడేవారు. క్రమశిక్షణ చాలా బాగుందని తల్లిదండ్రులు మెచ్చుకున్నారు.

ఆ తర్వాత పాచికల ల్యాబు. దానికి ఇన్‌చార్జిగా అచ్యుతరామం గారిని వేశారు. ఆయన అంతకుముందు ఫిజిక్స్ ల్యాబు చూసేవారు. ఆయన హయాంలో లోలకం దారం తెగిపోయి మూడేళ్ళయినా సరే, పిల్లలందరి రికార్డుల్లోనూ భూమ్యాకర్షణ తొమ్మిది పాయింట్ ఎనిమిదే వచ్చేది. చెడ్డవారేం కాదు. పిల్లలు ఫెయిలైతే అన్నం సహించని మనిషి. అందుకే ప్రయోగాల్ని పిల్లల జోలికి రానిచ్చేవారు కాదు.

మూడు కొటేషన్లు పిలిచి, తక్కువ ధరకి రాజమండ్రి ఫ్యాన్సీ కొట్టు నుంచి పాచికలు తెప్పించారు. సరుకు సరిచూడడానికి కొనుగోలు కమిటీ కూర్చుంది. అచ్యుతరామం గారు ఒక పాచిక తీసి బల్ల మీద వేశారు. నాలుగు పడింది. అనుమానం తీరక మళ్ళీ వేశారు. రెండు పడింది.

కమిటీ మొహమొహాలు చూసుకుంది.

“అదే పాచిక, అదే బల్ల, అదే చెయ్యి. రెండు రకాల జవాబా?” అన్నారు ప్రిన్సిపాల్ గారు. “వస్తువులో నిలకడ లోపించినది అని రాయండి. వెనక్కి పంపేద్దాం.”

కొట్టువాడికి ఫోన్ చేస్తే, “పాచికంటే అంతేనండీ బాబూ!” అని నవ్వాడు. సరఫరాదారు లోపమును అంగీకరించినాడు అని కమిటీ ఫైల్లో రాసుకుంది. అయితే సరుకు వెనక్కి పంపితే ల్యాబు ప్రారంభోత్సవానికి పాచికలుండవు, మంత్రిగారి డేటు ఖరారైపోయింది. చివరికి దక్షిణామూర్తి గారే ఉపాయం కనిపెట్టారు. పాచికలోని లోపాన్ని విద్యార్థే దిద్దుకోవాలి. ఆరు ముఖాలు, అరవై సార్లు వేస్తే ఒక్కో అంకె పదిసార్లు పడాలి. ఏదైనా అంకె పది దాటితే దాన్ని చేతి వణుకుగా భావించి, కొట్టేసి, మళ్ళీ వేసుకోవాలి. అందరికీ పది పది వచ్చేదాకా ప్రయోగం సాగాలి. ల్యాబు మాన్యువల్లో ఇదే అచ్చయింది.

మాన్యువల్ ఉన్నాక ఇక పాచికతో పనేముంది? రెండో వారానికల్లా పిల్లలు దాన్ని డబ్బాలోంచి తియ్యడం మానేసి, తిన్నగా పది పది పది అని రాసుకుని క్యాంటీన్‌కి పోయేవారు. సత్యవేణి ఒక్కతే కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని టకటకా వేసుకుంటూ ఉండేది. ఒక రోజు ఆమె రికార్డు చూసి అచ్యుతరామం గారు ఉలిక్కిపడ్డారు.

“ఆర్లు పదిహేనేంటమ్మా?”

“పడ్డాయండి.”

“పడితే రాసేస్తావా?”

“మరి పడింది రాయకపోతే ఏం రాయాలండి?”

“రావలసింది రాయాలి. సరే, పదిహేను పడ్డాయే అనుకో. ఎందుకు పడ్డాయి? కారణం చెప్పు.”

సత్యవేణి నిజంగానే ఆలోచించింది. “ఊరికేనండి,” అంది.

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఏ రికార్డులోనూ అచ్యుతరామం గారు ఆ మాట చూసి ఎరగరు. ఆమె అక్కడితో ఆగినా బాగుండేది. “ఒకళ్ళకి ఆర్లు పదిహేను రావడం వింతేం కాదండి. క్లాసులో అందరికీ పది పదే రావడం, అదండీ వింత. అలా జరగాలంటే భూమి పుట్టినప్పట్నుంచీ వేస్తూ కూర్చున్నా చాలదండి,” అంది.

“వింత కాదమ్మా. నూటికి నూరు శాతం ఫలితాలు,” అన్నారాయన బాధగా.

మూడో రోజుకి మెమో వచ్చింది. విద్యార్థిని సత్యవేణి పాచిక సంస్థ ఆశయాలకు విరుద్ధముగా ప్రవర్తించుచున్నందున ఏల చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను, తండ్రిని వెంటబెట్టుకుని రావలెను. బుల్లబ్బాయి కొట్టు మూసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి ప్రిన్సిపాల్ గారి ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

“మా ఇంటా వంటా ఎవరికీ పాచికలాడే అలవాటు లేదండి. ఎప్పుడన్నా అష్టాచెమ్మా ఆడుకునేవాళ్ళం. అదీ చింతపిక్కలతోనండి,” అన్నాడు.

“అక్కడే పడిందన్నమాట బీజం,” అన్నారు దక్షిణామూర్తి గారు. “చూడండి బుల్లబ్బాయి గారూ, మీ అమ్మాయి తెలివైందే. కానీ పాచిక మీద అదుపు లేదు. ముంబై కంపెనీ ఇంటర్వ్యూకి ల్యాబు పాసైన వాళ్ళనే కూర్చోబెడతాం. వార్షిక పరీక్షలో కూడా ఇలాగే చేస్తే మేమేం చెయ్యలేం.”

తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ మీద వంతెన దగ్గరికి వచ్చాక బుల్లబ్బాయి అన్నాడు. “ఆయన పది అంటున్నాడు కదా, పది రాసెయ్యమ్మా. నీ సొమ్మేం పోయింది?”

“నువ్వు తీగ చుట్టాక మీటర్ పెట్టి చూస్తావు. మీటర్ ఏం చూపిస్తే అదే చెప్తావు కదా నాన్నా?”

“చెప్తాను. అందుకే నా కొట్టు అలా ఉంది.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ఆమెకి భయం కూడా వేసింది. మూడేళ్ళుగా కన్న కల ఒక గది తలుపు అవతల ఉంది. ఆ తలుపు తియ్యడానికి పది అని ఆరుసార్లు రాస్తే చాలు.

వార్షిక పరీక్ష నాడు హాల్లో పాచికల చప్పుడే లేదు. అందరూ జవాబు రాసేసి, సమయం అయ్యేదాకా మర్యాదకి పాచికని అటూ ఇటూ దొర్లిస్తున్నారు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పూతరేకులు తింటూ పక్క గదిలో ఉన్నాడు. సత్యవేణి వేసింది. ఒకట్లు ఎనిమిది, రెళ్ళు పద్నాలుగు, మూళ్ళు ఏడు, నాలుగులు పదకొండు, అయిదులు ఏడు, ఆర్లు పదమూడు. కలం పట్టుకుని ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. పది రాయమని మనసు ఎంత పోరినా, చెయ్యి మొరాయించింది. పాచిక ఏ కారణం లేకుండా, ఎవరి మాటా వినకుండా పడుతుందన్న సంగతి మీదే ఆమె ప్రేమంతా ఉంది. దాన్నే కాదని రాసి, ఆ రాతతో ఆ ఉద్యోగానికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. పడింది పడినట్టు రాసి ఇచ్చేసింది. క్లాసులో ఫెయిలైంది ఆమె ఒక్కతే. ఆ సాయంత్రం అచ్యుతరామం గారు భోజనం మానేశారు.

ముంబై కంపెనీ తరఫున అనుపమా కులకర్ణి అనే ఆవిడ వచ్చింది. హైదరాబాద్‌లో పెరిగిన మనిషి, తెలుగు బాగానే వచ్చు. హాలు నిండా టైలు కట్టుకున్న పిల్లలు. సత్యవేణి మాత్రం బయట సైకిల్ స్టాండు దగ్గర కూర్చుంది. ఇంటికి పోదామంటే కాళ్ళు రాలేదు.

అనుపమ అందరికీ తలా ఒక పాచికా, తలా ఒక కాగితం ఇచ్చింది. “ముప్ఫై సార్లు వేసి ఏం పడ్డాయో వరుసగా రాయండి. దాంతో ఒక ఆట ఆడదాం,” అంది. చెప్పి కూర్చునేలోపే కాగితాలన్నీ చేతికొచ్చేశాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, మళ్ళీ ఒకటి, రెండు. అన్నింటిలోనూ అదే వరుస. ఒక్కో అంకె సరిగ్గా అయిదుసార్లు.

ఆవిడ కాగితాలు తిరగేసి, బోర్లించి, మళ్ళీ తిరగేసింది. “ఎవ్వరికీ తేడా రాలేదా సార్?”

“రాదండి. రానివ్వం,” అన్నారు దక్షిణామూర్తి గారు ఛాతీ పొంగిస్తూ. “మా దగ్గర పాచికకి కూడా క్రమశిక్షణ ఉంటుంది.”

“ఇక్కడ ఎప్పుడూ, ఎవ్వరికీ వేరేగా పడలేదా?”

“ఒక్క అమ్మాయికి పడేవండి. ఎంత చెప్పినా వినలేదు. ఫెయిల్ చేసేశాం. మీరేం కంగారు పడకండి, ఆ అమ్మాయిని లోపలికి రానివ్వలేదు.”

“ఆ అమ్మాయిని పిలవండి,” అంది అనుపమ.

మధ్యాహ్నమంతా వాళ్ళిద్దరూ ఖాళీ హాల్లో పాచికతో పందేలు కట్టుకున్నారు. ఇంత పడితే ఇంత ఇస్తాను, ఈ పందెం నీకు ఎంతకి గిట్టుబాటు అని ఆవిడ అడగడం, ఈమె లెక్కగట్టి ధర చెప్పడం. ఒక చోట సత్యవేణి చిక్కుబడి, “ఇది నాకు తెలీదండి. కానీ పందెమే అయితే పది రూపాయలు దాటి పెట్టను,” అంది. “ఆ తెలీదు అనే మాట కోసమే ఇంత దూరం వచ్చాను,” అంది అనుపమ. సాయంత్రానికి ఉద్యోగం ఖాయమైంది. షరతు ఒక్కటే, డిగ్రీ పూర్తిగా పాసై చేరాలి. అంటే నాలుగో సంవత్సరం ముగిసేలోగా పాచికల ల్యాబు సప్లిమెంటరీ గట్టెక్కాలి.

కాలేజీ గేటు మీద సత్యవేణి ఫ్లెక్సీ వెలిసింది. పక్కన సూర్యచక్రం గారి బొమ్మ ఆమె కన్నా రెండింతలుంది. ఏ జవాబు రాస్తే ఉద్యోగం వచ్చిందని ఆయన ఆరా తీశారు. ఆమె పరీక్ష పేపరు తెప్పించి చూశారు.

“ఎనిమిది, పద్నాలుగు, ఏడు, పదకొండు, ఏడు, పదమూడు. ఇదండీ ముంబైవాళ్ళకి కావలసిన జవాబు! మనం ఇన్నాళ్ళూ పది పది అని పిల్లల గొంతు కోశాం,” అని నొచ్చుకున్నారు.

పాత మాన్యువల్ రద్దయింది. కొత్తదానిలో ‘సత్యవేణి ఫలితం’ అచ్చయింది. అందరికీ ఒకట్లు ఎనిమిదే పడాలి, రెళ్ళు పద్నాలుగే పడాలి. గుర్తుండడానికి సీనియర్లు దాన్ని పాటలా కట్టి జూనియర్లకి నేర్పారు. ఆ నెల కాలేజీ మళ్ళీ నూటికి నూరు శాతం. అప్పటికే ఫెయిలని రాసేసిన ఫలితాన్ని మార్చే నిబంధన మాత్రం లేదు కాబట్టి సత్యవేణి ఫెయిలు ఫెయిలుగానే ఉండిపోయింది.

సప్లిమెంటరీ రోజు ల్యాబులో ఆమె, అచ్యుతరామం గారు ఇద్దరే ఉన్నారు. ఆమె పాచిక వేసింది, పడినవి రాసింది, ఇచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని కొత్త మాన్యువల్‌తో పక్కపక్కనే పెట్టి చూశారు.

“ఇదేంటమ్మా, రెళ్ళు తొమ్మిదేనా? సత్యవేణి ఫలితంలో పద్నాలుగు ఉండాలి.”

“సత్యవేణిని నేనేనండి.”

“అందుకే కదమ్మా నా బాధ! ఊళ్ళో అందరికీ వస్తోంది. నీకే రాకపోతే ఎలా? కంపెనీవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?”

ఆమెకి కోపం, ఏడుపు, నవ్వు మూడూ ఒకేసారి వచ్చాయి. ఉద్యోగం పోతుందని తెలుసు. అయినా ఆపుకోలేకపోయింది. “అప్పుడు అవి పడ్డాయండి. ఇప్పుడు ఇవి పడ్డాయి. నేనే అయితే మాత్రం, మళ్ళీ అవే పడాలని ఎక్కడుందండీ?”

అచ్యుతరామం గారు మాన్యువల్ వెతికారు. అందులో లేదు. ఏమనుకున్నారో, పాచిక తీసుకుని తనే వేశారు. అయిదు పడింది. మళ్ళీ వేశారు. ఒకటి. మళ్ళీ వేశారు. అష్టాచెమ్మాలో మొదటిసారి పంట పండించిన పిల్లాడిలా ఆయన మొహం వెలిగింది.

“ఎక్కడా లేదమ్మా,” అన్నారు మెల్లిగా. “నిజమే. ఎక్కడా లేదు. ఇన్నేళ్ళూ ఈ ముక్క నాతో ఎవరూ చెప్పలేదే!”

పాస్ అని రాసి, వైవాకి నిండా మార్కులు వేశారు. సత్యవేణి ఆయన కాళ్ళకి దండం పెట్టి, గాల్లో తేలుతూ ఇంటికి వెళ్ళింది. ఉద్యోగం దక్కింది, అంతకన్నా ముఖ్యంగా మాస్టారికి అర్థమైంది. ఆ సాయంత్రం బుల్లబ్బాయి కొట్టు ముందు ఆగిన వాళ్ళందరికీ టీ పోయించాడు.

తర్వాత వారం సర్టిఫికెట్ తీసుకోవడానికి ఆమె కాలేజీకి వచ్చింది. పాచికల ల్యాబు తలుపు బయట ఒక జూనియర్ అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

“ఏమైంది? బయట నిలబెట్టారా?”

“వైవా బిట్టు తప్పు చెప్పానక్కా. ‘మళ్ళీ అవే పడాలని’ అన్నాను. ‘మళ్ళీ అదే రావాలని’ అనాలంట. మాన్యువల్లో అలా ఉందంట.”

లోపల అచ్యుతరామం గారి గొంతు ఉత్సాహంగా ఖంగుమంది. “ఫలితం ఎందుకు మారింది? అందరూ చెప్పండి!”

“మళ్ళీ అదే రావాలని ఎక్కడుందీ?”

“శభాష్! ఇంకోసారి!”

సత్యవేణి సర్టిఫికెట్ మడతపెట్టి సంచీలో పెట్టుకుంది. లోపల అరవై గొంతులూ, ఒక్క అక్షరం తేడా లేకుండా, మళ్ళీ అదే అన్నాయి.